రొట్టెల మామ్మగారు చెప్పిన ఫిలిస్ కథ

అమెరికాలో సెయింట్ లూయిస్‌లో ఉండే మనవాళ్లని ఎవర్నైనా "ష్లాఫ్లీ ఎవరో తెలుసా?" అని అడగండి. "ఎవరేంటండీ, బీరు కదా" అంటారు. నాకూ మొదట్లో అంతే తెలుసు. 2005లో మేం దిగిన కొత్తలో ఎవరింట్లోనో పుట్టినరోజు పార్టీకి వెళితే సీసా మీద ఆ పేరు చూసి, ఇది పలకాలంటే నాలిక మడత పడుతుందే అనుకున్నాను. అదే ఇంటిపేరున్న ఫిలిస్ అనే పెద్దావిడ అమెరికా రాజ్యాంగ సవరణనే ఆపించిందనీ, ఆ బీరు కంపెనీ పెట్టినాయన ఆమెకి భర్త తరఫున కొడుకు వరసనీ, మా ఇంటి పేరు మద్యానికి ట్రేడ్‌మార్క్‌గా ఇవ్వొద్దని చివరి రోజుల్లో అభ్యంతరం పెట్టి ఓడిపోయిందనీ తర్వాత్తర్వాత తెలిసింది. మొదట చెప్పింది మా పక్కింటి మామ్మగారు.

మేం ఇల్లు అద్దెకి తీసుకున్నది ఆల్టన్‌లో. మిసిసిపి నదికి ఇల్లినాయ్ వైపు ఒడ్డున ఉన్న పాత ఊరు. మావారి క్లయింటు ఆఫీసు ఆ వైపే, అద్దెలు కూడా తక్కువ. సెనేట్ సీటు కోసం లింకన్, డగ్లస్‌లు చేసిన ఆఖరి వాదోపవాదం 1858లో ఇక్కడే జరిగింది. ప్రపంచంలో ఇంతవరకూ రికార్డుకెక్కిన మనుషులందరిలోకీ పొడుగు మనిషి రాబర్ట్ వాడ్లో పెరిగిన ఊరు కూడా ఇదే. నిలువెత్తు విగ్రహం పెట్టారు. మా అమ్మాయి ఆ విగ్రహం మోకాలు దగ్గర నిలబడి దిగిన ఫోటో ఇప్పటికీ ఉంది. చలికాలం వస్తే నది వెంబడి కొండ చరియల మీదకి తెల్లతల గద్దలు వందల్లో వచ్చి వాలతాయి. గుడికి వెళ్లాలంటే మాత్రం వంతెన దాటి బాల్విన్ దాకా ముప్పావు గంట ప్రయాణం.

నా వీసా హెచ్-4. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద వచ్చినవాళ్ల భార్యాపిల్లలకి ఇచ్చే డిపెండెంట్ వీసా. తెనాలిలో జూనియర్ కాలేజీలో ఆరేళ్లు ఫిజిక్స్ చెప్పినదాన్ని. అక్కడ పదిమందిలో మాట్లాడితే చివరి బెంచీ దాకా వినపడేది. ఇక్కడికొచ్చాక ఉద్యోగం చెయ్యకూడదు, సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వరు, బ్యాంకులో సంతకం పెట్టాలన్నా మావారు పక్కన ఉండాలి. పొద్దున ఎనిమిదికి ఆయన వెళితే సాయంత్రం ఆరు దాకా నేనూ, మూడేళ్ల పిల్లా, కిటికీలోంచి కనిపించే మంచూ.

ఆ చలిలో ఇడ్లీపిండి పులవదు. సీమ నుంచి వచ్చినవాళ్లయినా, కోస్తా వాళ్లయినా కొత్తగా అమెరికా వచ్చిన ఆడవాళ్ల మొదటి కష్టం ఇదే. రెండు రోజులు కంబళి కప్పి పెట్టాను. హీటరు పక్కన పెట్టాను. రాయిలా అలాగే ఉంది. మూడో రోజు ఆ గిన్నె ముందు కూర్చుని ఏడ్చాను. పిండి కోసం ఏడ్చానని అప్పట్లో మావారు నవ్వారు కానీ, పిండి కోసం కాదని నాకు తెలుసు. సరిగ్గా ఆ సమయానికే తలుపు కొట్టారు పక్కింటావిడ, చేతిలో అల్యూమినియం ఫాయిల్ చుట్టిన వెచ్చటి రొట్టె. నా మొహం చూశారు, గిన్నె చూశారు, మూత తీసి వాసన చూశారు. ఏమీ అడక్కుండా ఆ గిన్నె తీసుకెళ్లి మా అవెన్‌లో పెట్టి, అవెన్ వెలిగించకుండా లోపలి లైటు మాత్రం వేశారు. "ఇక్కడ ఈస్టు పిండి కూడా ఇలా పెడితేనే పొంగుతుంది. పొద్దున దాకా తియ్యకు" అన్నారు. పొద్దున చూస్తే మూత లేచిపోయి ఉంది.

పేరు పెట్టి పిలవమన్నారు. డెబ్భై దాటిన మనిషిని పేరు పెట్టి ఎలా పిలుస్తాం? ఎదురుగా ఉన్నప్పుడు పేరూ లేదు, వరసా లేదు, "మీరు" అన్న అర్థం వచ్చేలా మొహం పెట్టి గడిపేసేదాన్ని. ఇంట్లో మాత్రం రొట్టెల మామ్మగారు. మర్నాడు నాలుగు ఇడ్లీలు, కొబ్బరి చట్నీ పట్టుకెళితే, చట్నీ పక్కకి జరిపి ఇడ్లీ మీద స్ట్రాబెర్రీ జామ్ రాసుకుని తిన్నారు. చూడలేక కళ్లు తిప్పుకున్నాను.

రొట్టె చెయ్యడం నేర్పిస్తానని ఒకరోజు వాళ్ల వంటింట్లోకి తీసుకెళ్లారు. పూరీపిండి కన్నా మెత్తగా, చేతికి అంటుకునే పిండి. అరచేతి మడమతో ముందుకి తొయ్యి, మడత పెట్టు, తిప్పు. పావుగంట. "ఈ రొట్టెలతోనే మేం ఒక యుద్ధం గెలిచాం తెలుసా" అన్నారు. పెద్దవాళ్లు ఏదో అంటుంటారు లెమ్మనుకున్నాను. చేతులు కడుక్కుని లోపలి నుంచి బిస్కెట్ల డబ్బా తెచ్చి, అందులోంచి ఎర్రటి బ్యాడ్జి తీశారు. రోడ్డు మీద స్టాప్ బోర్డు ఉంటుందే, అలా ఎనిమిది పలకల ఆకారం. దాని మీద 'స్టాప్ ఈఆర్ఏ' అని ఉంది. కింద మడతలు పడిన నాలుగు పేజీల కరపత్రాలు, ఒక దొంతర. ప్రతి దాని మీదా ఫిలిస్ ష్లాఫ్లీ పేరు.

ఈఆర్ఏ అంటే సమాన హక్కుల సవరణ. చట్టం ముందు హక్కుల విషయంలో ఆడా మగా తేడా చూపించకూడదు, సారాంశం ఇంతే. 1923 నుంచీ అడుగుతున్నారు. చివరికి 1972 మార్చి 22న సెనేట్ 84–8 ఓట్లతో ఒప్పుకుంది. ఇక 50 రాష్ట్రాల్లో 38 సరేనంటే రాజ్యాంగంలో చేరిపోతుంది. రెండు పార్టీల వాళ్లూ అనుకూలమే. మొదటి ఏడాదిలోనే 30 రాష్ట్రాలు సరేనన్నాయి. అయిపోయిన పెళ్లికి బాజాలు వాయించడమే తరువాయి అన్నట్టుంది పరిస్థితి. ఆ సమయంలో ఆల్టన్‌లో ఆరుగురు పిల్లల తల్లి ఒకామె అడ్డం పడింది.

ఫిలిస్ పుట్టింది 1924 ఆగస్టు 15న, సెయింట్ లూయిస్‌లో. ఆ తేదీ విని నేను నవ్వితే, ఎందుకో మామ్మగారికి అర్థం కాలేదు. మా స్వాతంత్ర్య దినం అని చెప్పాక, ఏటా ఆ రోజు నాకు కేక్ ముక్క పంపేవారు. అది ఫిలిస్ పుట్టినరోజు కేకో, మన జెండా పండగ కేకో నేనూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఆర్థిక మాంద్యంలో ఫిలిస్ తండ్రి ఉద్యోగం పోయింది. ఇల్లు నడిపింది తల్లి, లైబ్రేరియన్‌గా పనిచేసి. కూతురు వాషింగ్టన్ యూనివర్సిటీలో చదువుకి డబ్బు లేక, యుద్ధకాలంలో మందుగుండు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసింది. పనేమిటంటే, తయారైన తూటాలు సరిగ్గా పేలుతున్నాయో లేదో మెషిన్ గన్‌లతో కాల్చి చూడటం. రాత్రంతా తుపాకులు పేల్చి పొద్దున్నే క్లాసుకి వెళ్లేది. 1944లో డిగ్రీ, మరుసటి ఏడాదే రాడ్‌క్లిఫ్ కాలేజీలో ఎం.ఏ. 1949లో ఆల్టన్ లాయరు ఫ్రెడ్ ష్లాఫ్లీని పెళ్లి చేసుకుని ఈ ఊరొచ్చింది. 1952లో, మళ్లీ 1970లో అమెరికా కాంగ్రెస్‌కి (అక్కడి పార్లమెంటుకి) పోటీ చేసి రెండుసార్లూ ఓడిపోయింది. 1964లో సొంతంగా అచ్చు వేసుకున్న చిన్న రాజకీయ పుస్తకం ఒకటి లక్షల్లో అమ్ముడుపోయింది. ఇంత చేసినా ఫారాల్లో వృత్తి అన్న చోట గృహిణి అనే రాసుకునేదని మామ్మగారు గర్వంగా చెప్పేవారు. నాకు అక్కడే కాస్త మండేది. మెషిన్ గన్ పేల్చి, ఎన్నికల్లో నిలబడి, దేశమంతా తిరిగి ఉపన్యాసాలిచ్చే మనిషి గృహిణి అయితే, అవెన్ లైటు వైపు చూస్తూ కూర్చునే నేనేమిటి?

సభల్లో మొదట లేవగానే, నన్ను ఇక్కడికి రానిచ్చినందుకు నా భర్త ఫ్రెడ్‌కి కృతజ్ఞతలు అని చెప్పేదట. ఎందుకంటే ఆ మాటకి అవతలి వాళ్లకి ఒళ్లు మండుతుంది కాబట్టి. ఆ సంగతి కూడా తనే పైకి చెప్పేసేది. 1973లో ఇల్లినాయ్ స్టేట్ యూనివర్సిటీలో స్త్రీవాద నాయకురాలు బెట్టీ ఫ్రీడన్‌తో వాదనకి కూర్చుంటే, ఫ్రీడన్ కోపం పట్టలేక నిన్ను గుంజకి కట్టి తగలబెట్టాలనుంది అంది. ఈమె చిరునవ్వు చెదరకుండా, ఆ మాట అన్నందుకు సంతోషం, మీవాళ్ల స్వభావం అందరికీ తెలుస్తుంది అంది. 1977లో న్యూయార్క్‌లో ఒకడు ఆమె మొహం మీద ఆపిల్ పై విసిరి కొట్టాడు. ఈ కథ చెప్పేటప్పుడు మామ్మగారు ప్రతిసారీ ఒక మాట కలిపేవారు: "పాపం, ఆ పై ఇంట్లో చేసింది కూడా కాదు."

రొట్టెల సంగతి ఇక్కడ వస్తుంది. ఇల్లినాయ్ చాలా కీలకమైన రాష్ట్రం. ఇక్కడ సవరణ నెగ్గాలంటే మామూలు మెజారిటీ చాలదు, అయిదింట మూడొంతులు రావాలని నిబంధన. ఓటింగ్ ఉన్న ప్రతిసారీ ఆల్టన్ నుంచి ఆడవాళ్లు తెల్లవారకముందే రొట్టెలు కాల్చుకుని, జామ్ సీసాలు సర్దుకుని, గంటన్నర దూరంలో ఉన్న స్ప్రింగ్‌ఫీల్డ్ శాసనసభకి వెళ్లేవారు. రొట్టెకి రిబ్బను, రిబ్బనుకి చీటీ. చీటీ మీద 'బ్రెడ్‌విన్నర్లకి, బ్రెడ్‌మేకర్ల నుంచి'. అంటే సంపాదించి తెచ్చేవాళ్లకి, చేసి పెట్టేవాళ్ల నుంచి. అంతకుముందు మైకు మొహం చూడని ఇల్లాళ్లకి ఫిలిస్ శిక్షణ ఇచ్చేది. ఏ రంగు చీర... అదే, ఏ రంగు డ్రెస్సు టీవీలో బాగుంటుంది, ఎమ్మెల్యే విసుక్కుంటే ఏం అనాలి, ఉత్తరం ఎన్ని వాక్యాల్లో ముగించాలి, అన్నీ. మామ్మగారి పని ఓట్ల లెక్క. ఎవరు మనవైపు, ఎవరు గోడ మీద, ఎవరి భార్యతో మాట్లాడాలి, చిన్న నోటు పుస్తకంలో పెన్సిల్‌తో రాసుకునేవారు. "పెన్నుతో ఎప్పుడూ రాయలేదు. మగవాళ్ల మాట మధ్యాహ్నం దాకా ఉండదు" అనేవారు.

1982 జూన్ 22న ఇల్లినాయ్ దిగువ సభలో చివరి ఓటింగ్. సవరణ కోసం ఏడుగురు ఆడవాళ్లు స్ప్రింగ్‌ఫీల్డ్‌లో నిరాహార దీక్షలో ఉన్నారు. 107 ఓట్లు కావాలి. వచ్చినవి 103. వారం తర్వాత, జూన్ 30తో దేశం మొత్తానికి గడువు ముగిసింది. 35 రాష్ట్రాల దగ్గరే ఆగిపోయింది.

"నూట మూడు" అని చెప్పేటప్పుడు ఇరవై మూడేళ్ల తర్వాత కూడా మామ్మగారి కళ్లు మెరిసేవి. నేను మాత్రం ఆ ఏడుగురి గురించి ఆలోచించేదాన్ని. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. సమాన హక్కులు ఇస్తామంటే ఆడవాళ్లే వద్దనడమేమిటి? ఆవిడ కోప్పడలేదు. వియత్నాం యుద్ధం రోజుల్ని గుర్తు చేశారు. ఈ సవరణ వస్తే మా ఆడపిల్లల్ని కూడా సైన్యంలోకి నిర్బంధంగా తీసుకుంటారు. భర్త భార్యని పోషించి తీరాలన్న చట్టాలు పోతాయి. విధవరాలికి వచ్చే సోషల్ సెక్యూరిటీ పింఛను పోతుంది. "నాకు డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు. నలభై ఏళ్లు వండి పెట్టాను. ఆ ఒక్క భరోసా కూడా తీసేసి నువ్వూ ఆయనా సమానం పో అంటే ఎక్కడికి పోను?" 'స్టాప్' అన్న మాటకి వాళ్లు చెప్పుకున్న విస్తరణ కూడా అదే, మాకున్న సౌకర్యాలు లాక్కోవద్దు అని.

ఆ మాట నేను అంతకుముందే విన్నాను. ఆల్టన్‌లో కాదు, తెనాలిలో, మా మామ్మ నోట. ఎన్టీఆర్ హయాంలో ఆడపిల్లలకి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ 1986లో చట్టం వచ్చినప్పుడు నాకు పదేళ్లు. మా చిన్నత్తకి అప్పటికింకా పెళ్లి కాలేదు. మా ఇంట్లో మగవాళ్ల కన్నా ఎక్కువగా వ్యతిరేకించింది మామ్మే. "వాటా పుచ్చుకున్న ఆడపిల్లకి పుట్టిల్లు ఉంటుందిటే? పండక్కి చీర పెట్టేదెవడు, పురిటికి తీసుకొచ్చేదెవడు, మొగుడు తంతే గుమ్మంలోకి రానిచ్చేదెవడు? ఎకరం పొలం ఇచ్చి అన్నదమ్ముల్ని లాగేసుకుంటున్నాడు" అని వాకిట్లో కూర్చుని ఎన్టీఆర్‌ని శాపనార్థాలు పెట్టింది. చిన్నత్త వాటా తీసుకోలేదు. రాసిచ్చేసింది. చీరలు ఓ నాలుగేళ్లు వచ్చాయి.

మా మామ్మ తెలివితక్కువది కాదు. తనకి తెలిసిన లోకంలో ఆడదానికి హక్కు కన్నా దయే నమ్మకమని లెక్క వేసుకుంది. మామ్మగారి నోటు పుస్తకంలో లెక్కా అలాంటిదే. చిన్నత్త సంగతి మామ్మగారికి చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. "నాలుగేళ్లేనా?" అన్నారు చివరికి.

ఇంకో గొడవ కూడా ఉంది. ఫిలిస్ నెలనెలా పంపే ఆ కరపత్రం మామ్మగారికి అప్పటికీ వచ్చేది. ఒకరోజు వాళ్ల టేబుల్ మీద ఉంటే తిరగేస్తున్నాను. హెచ్-1బి వీసాల గురించి. కంపెనీలు చవగ్గా పనిచేసేవాళ్లని బయటి దేశాల నుంచి తెచ్చి అమెరికా ఇంజినీర్ల పొట్ట కొడుతున్నాయని ఆమె చాలా ఏళ్లు రాసింది, పదునుగానే రాసింది. ఆ చవగ్గా పనిచేసేవాడు ఆ రోజు నైట్ డిప్లాయ్‌మెంట్ చేసి మా ఇంట్లో నిద్రపోతున్నాడు. మామ్మగారు గమనించి కాగితం తీసేసుకున్నారు. "మీ గురించి కాదులే" అన్నారు. మా గురించే. అయినా టీ తాగి వచ్చాను. నిజం చెప్పాలంటే అందులో కొన్ని మాటలు కన్సల్టెన్సీల సంగతి తెలిసిన మనవాళ్లు కూడా చాటుగా అనుకునేవే.

2008 మేలో వాషింగ్టన్ యూనివర్సిటీ ఫిలిస్‌కి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. మాకు తెలిసినవాళ్ల అబ్బాయికి ఆ రోజే కాన్వొకేషన్. ఆమె పేరు చదవగానే విద్యార్థులు, ప్రొఫెసర్లు కొందరు లేచి వెనక్కి తిరిగి నిలబడ్డారట. వాడు తిరిగాడో లేదో వాళ్లమ్మకి కూడా చెప్పలేదు. ఆమెకప్పుడు 83. ఆ యూనివర్సిటీలోనే యాభై దాటాక లా చదివి 1978లో పట్టా పుచ్చుకుంది. సవరణ మీద పోరాటం జోరుగా సాగుతున్న రోజుల్లోనే, ఆరుగురు పిల్లలతో. ఈ ఒక్క విషయం నాకు గుచ్చుకుని ఉండిపోయింది. ఆడది ఇంట్లో ఉండటం గొప్ప అని చెబుతూ తను మాత్రం చదువు మానలేదు. నేను ఆమె చెప్పింది వదిలేసి ఆమె చేసింది పట్టుకున్నాను. ఆ శరదృతువులో కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం క్లాసులకి చేరాను. హెచ్-4 మీద చదువుకోవచ్చు, అప్పట్లో సంపాదించకూడదంతే. క్లాసు ఉన్న రోజుల్లో పిల్లని చూసుకున్నది మామ్మగారే. ఫిలిస్ తన పిల్లలందరికీ స్కూలుకి వెళ్లకముందే ఇంట్లో చదవడం నేర్పిందని చెప్పి, అదే పద్ధతిలో అక్షరాల శబ్దాలు కూడబలుక్కుంటూ మా అమ్మాయికి ఇంగ్లీషు చదవడం నేర్పారు. పిల్ల ఇప్పుడు కాలేజీలో జెండర్ స్టడీస్ కోర్సు చదువుతోంది. ఆ మాట విని ఉంటే ఇద్దరూ ఏమనేవారో.

2015 మే 26 నుంచి గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నవాళ్ల భార్యలకి పనిచేసుకునే అనుమతి మొదలైంది. మరుసటి ఏడాది వేసవి చివర్లో నాకు ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. అదే సమయంలో, 2016 సెప్టెంబరు 5న, లేబర్ డే నాడు, ఫిలిస్ పోయింది. 92 ఏళ్లు. క్యాన్సర్. ఆ ఏడాది ట్రంప్‌కి మద్దతు ఇచ్చినందుకు తను పెట్టిన ఈగిల్ ఫోరం అనే సంస్థ రెండుగా చీలి, కన్న కూతురే ఎదురు వర్గంలో నిలబడింది. పెద్దకొడుకు గే అని 1992లో పత్రికలకెక్కినప్పుడు కొడుకునీ వదల్లేదు, తన వాదాన్నీ వదల్లేదు. ఇంట్లో ఇంత నడిచినా ఆ ముత్యాల దండ, పైకి దువ్వి కట్టిన జుట్టు, గద్ద బొమ్మ పిన్ను ఏ ఫోటోలోనూ చెదరలేదు. సెయింట్ లూయిస్ పెద్ద చర్చిలో అంత్యక్రియలకి ట్రంప్ వచ్చి మాట్లాడారు. మామ్మగారికి మోకాళ్లు సహకరించక వెళ్లలేదు. మా లాప్‌టాప్‌లో చూశారు, బ్యాడ్జి పెట్టుకుని.

మొదటి జీతం వచ్చిన శనివారం పొద్దున మా గుమ్మంలో రొట్టె ఉంది. రిబ్బను కట్టి ఉంది. చీటీ మీద వణికే అక్షరాలతో 'బ్రెడ్‌విన్నర్‌కి, బ్రెడ్‌మేకర్ నుంచి'. ఆ చీటీ మావారికి చూపించాను. ఆయన నవ్వి, "ఇది నాకు కాదు కదా" అన్నారు.

2018 మే 30న ఇల్లినాయ్ ఆ సవరణని ఆమోదించింది. గడువు దాటి ముప్పై ఆరేళ్లయ్యాక. మామ్మగారు అప్పటికి వృద్ధుల హోమ్‌కి మారిపోయారు. చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆగి, ఇడ్లీలు పట్టుకుని వెళ్లాను. చెప్పాను. కిటికీ వైపు చూస్తూ ఉండిపోయారు.

"దిగువ సభలో ఎన్ని ఓట్లు?" అన్నారు.

"72కి 45."

"కావాల్సింది?"

"71."

కాసేపు లెక్క వేసుకున్నారు, పెన్సిల్ లేకుండానే. "ఫిలిస్ ఉండుంటే మూడు లాగేసేది" అన్నారు. "రెండు చాలు కదా, మూడెందుకు?" అన్నాను. "ఒకడు మధ్యాహ్నానికి మాట మారుస్తాడు కదా" అని, డబ్బా మూత తీసి ఇడ్లీ మీద జామ్ రాసుకున్నారు.